పండుగలో ఎవరి వంతు ఎంత?

మాఘ శుద్ధ విదియ పశ్చిమ గోదావరి జిల్లా పెనుగొండలో వాసవీ కన్యకాపరమేశ్వరి ఆత్మార్పణ దినం. వైశాఖ శుద్ధ దశమి అమ్మవారి జయంతి. ఈ రెండు తిథులకూ నగరేశ్వరస్వామి గుడి దగ్గర బస్సులు దిగేవాళ్ల మాటల్లో తెలుగు యాసలన్నీ వినిపిస్తాయి. కన్నడం కలిసిన తెలుగు, తమిళం కలిసిన తెలుగు కూడా చెవిన పడతాయి. ఆర్యవైశ్య కుటుంబాలు పిల్లాపాపలతో వచ్చి, గోత్రం చెప్పి, పూజ చేయించుకుని వెళ్తాయి. వాళ్లలో ఎక్కువమందికి ఈ ఊళ్లో ఇల్లు లేదు, పొలం లేదు, పలకరించడానికి చుట్టం కూడా లేడు. అయినా ఇది తమ ఊరేనని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని తరం నుంచి తరానికి అందించింది పండుగే.

మన సామాజిక జీవితంలో పండుగల పాత్ర ఏమిటన్న చర్చకు వందేళ్లు దాటాయి. నలుగురూ ఒకచోట చేరి చేసే కర్మకాండలోనే సమాజం తనను తాను గుర్తుపడుతుందని ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త ఎమిల్ డర్క్‌హైమ్ 1912లో రాశాడు. మన దేశానికి వచ్చేసరికి ఆ మాట అంత తేలిగ్గా నిలబడదు. ఇక్కడ ఒకే పండుగ ఒక ఊరిని కలుపుతుంది, అదే పండుగ ఆ ఊళ్లో ఎవరు ఎక్కడ నిలబడాలో గీత గీసి చూపిస్తుంది. కలుపుతుందనేవాళ్లకూ, విడదీస్తుందనేవాళ్లకూ చూపడానికి కావలసినన్ని ఉదాహరణలున్నాయి. నా దృష్టిలో అడగవలసిన ప్రశ్న వేరు. పండుగలో ఎవరికి పని ఉంది, ఆ పని ఎలా జరగాలో చెప్పే హక్కు ఎవరికి ఉంది? ఈ రెండూ చూస్తే, ఒక పండుగ ఊరికి ఏం చేస్తుందో చాలావరకు తెలిసిపోతుంది. ఆ పరీక్ష పెట్టడానికి గోదావరి డెల్టా కన్నా మంచి చోటు నాకు తెలియదు.

పెనుగొండతోనే మొదలుపెడదాం. అక్కడి కథ ఇది. కుసుమశ్రేష్ఠి, కుసుమాంబల కూతురు వాసవిని రాజమహేంద్రవరం ఏలే విష్ణువర్ధనుడు పెళ్లాడతానన్నాడు. తండ్రి ఇవ్వనన్నాడు. 714 గోత్రాల వైశ్యులు సభ తీరితే 102 గోత్రాలవాళ్లు కుసుమశ్రేష్ఠి పక్షాన నిలిచారు. మిగిలినవాళ్లు ఊరు విడిచి వెళ్లారు. చివరకు 103 అగ్నిగుండాలు వెలిగించి, వాసవి, ఆమె వెంట నిలిచిన గోత్రాల దంపతులు అగ్నిప్రవేశం చేశారు. విష్ణువర్ధనుడన్న బిరుదు తూర్పు చాళుక్యుల్లో చాలామందికి ఉంది కాబట్టి కథలోని రాజు ఫలానా అని వేలుపెట్టి చూపడం కష్టం. గురజాడ అప్పారావు ఈ కథనే తీసుకుని ‘కన్యక’ రాశాడు. అధికారం తలకెక్కిన రాజు ముందు ఒక ఆడపిల్ల చూపిన తెగువగా దాన్ని మలిచాడు. పండుగ మాత్రం ఆ కథలోంచి వేరే దాన్ని పట్టుకుంది, గోత్రాల లెక్కను. ఆనాడు ఎవరు నిలబడ్డారన్నదే దానికి ముఖ్యం. ఈనాడు గుడిలో గోత్రం చెప్పుకునే ప్రతి కుటుంబమూ ఆ నిలబడినవాళ్ల సంతతిగా తనను లెక్కవేసుకుంటుంది.

భూమిని కాక అంగడిని నమ్ముకుని ఊరూరా చెల్లాచెదురైన కులానికి ఇది చిన్న విషయం కాదు. ఏ ఊళ్లోనైనా వాళ్లవి నాలుగైదు గడపలో, ఒక వీధో. పెద్ద రైతుకులాలకు ఊరే బలగం. వర్తకుడికి బలగం ఊరి బయట ఉంటుంది. సంబంధం కుదరాలన్నా, అప్పు పుట్టాలన్నా, పరాయి ఊళ్లో రాత్రి తలదాచుకోవాలన్నా నమ్మకమున్న మనిషి కావాలి. వాసవి పండుగ, ఊరూరా వెలసిన కన్యకాపరమేశ్వరి గుడులు, వాటి పక్కనే కట్టిన సత్రాలు ఆ నమ్మకానికి ఆధారమయ్యాయి. 1961లో కె.సి. గుప్తా హైదరాబాదులో మొదలుపెట్టిన వాసవీ క్లబ్బులు విదేశాలదాకా వెళ్లగలిగాయంటే పునాది ఎప్పుడో పడింది కాబట్టే. పెనుగొండలో 90 అడుగుల పంచలోహ విగ్రహం లేచింది. 2025 జనవరి 31న, ఆత్మార్పణ దినాన, ముఖ్యమంత్రి వచ్చి అమ్మవారికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు సమర్పించారు. ఒక కులం పండుగ రాష్ట్రం పండుగ అయింది.

నిజంగా అయిందా? పెనుగొండలో ఆర్యవైశ్యులే కాదు, రైతులున్నారు, కూలీలున్నారు, గౌడలు, శెట్టిబలిజలు, మాలలు, మాదిగలు, ముస్లిములు, క్రైస్తవులు ఉన్నారు. అమ్మవారి పేరుతో ఉన్న కళాశాలలో వాళ్ల పిల్లలూ చదువుకుంటారు. గుడి దగ్గర పూలు, కొబ్బరికాయలు అమ్మేవాళ్లకూ, ఆటోలవాళ్లకూ ఆ రెండు రోజులూ బేరం ఉంటుంది. అన్నదానం పంక్తిలో ఎవరైనా కూర్చోవచ్చు. అయినా ఆ పండుగలో వాళ్లకు పని లేదు. పని లేనిచోట పెత్తనమూ ఉండదు. ఇది తప్పుపట్టే మాట కాదు. పెనుగొండ పండుగ వందల మైళ్ల దూరాన ఉన్నవాళ్లను ఒకటి చేస్తుంది, పక్కింటివాళ్లను ఒకటి చేయడం దాని పని కాదు. ఆ పనికి ఊళ్లో వేరే పండుగలుండేవి.

అవి పంటను బట్టి నడిచేవి. 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువలు పారిన తరవాత డెల్టా పంచాంగాన్ని నీళ్లే రాస్తున్నాయి. తొలి పంట సార్వా కోసి, ధాన్యం ఇంటికి చేరేసరికి సంక్రాంతి. రెండో పంట దాళ్వా కోసి, కాలువలు కట్టేసిన ఎండాకాలంలో అమ్మవారి జాతర. పెనుగొండకు దగ్గర్లోనే ఉన్న మార్టేరు పరిశోధనా కేంద్రంలో పుట్టిన ‘స్వర్ణ’, అదే ఎంటీయూ 7029, దీర్ఘకాలపు వంగడమే అయినా సంక్రాంతికి ముందే చేతికొచ్చి డబ్బు చూపించేది. చేతిలో గింజ, కాస్త తీరిక, రెండూ ఒకేసారి దొరికే రోజులకే పెద్ద పండుగలు పడ్డాయి.

జాతరలో ఊరు ఊరంతా కదిలేది. మాలో మాదిగో చాటింపు వేయాలి, కుమ్మరి ఘటానికి కుండ చేయాలి, చాకలి దివిటీ పట్టాలి, మంగలి సన్నాయి ఊదాలి, ఆసాదులు అమ్మవారి పాట పాడాలి, గరగలు తలకెత్తుకున్నవాళ్లు వీధివీధీ ఆడాలి. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ 1916లో దక్షిణాది గ్రామదేవతల మీద అచ్చువేసిన పుస్తకంలో తెలుగు జిల్లాల జాతరలకు చాలా పేజీలిచ్చాడు. అందులో ఏ కులం ఏ పని చేస్తుందన్నదే ముఖ్యంగా కనిపిస్తుంది. ఈ పనులకు డబ్బు ఇచ్చేవాళ్లు కాదు, కళ్లంలో ధాన్యం కొలిచే రోజున వాళ్ల వంతుగా మేర కొలిచేవాళ్లు. అది దానం కాదు, ఏటా రావలసిన హక్కు.

ఈ బొమ్మ చూసి మురిసిపోయేవాళ్లతో నాకు పేచీ ఉంది. డప్పు మోగకపోతే జాతర లేవదు. కానీ డప్పు కొట్టినవాడికి గుడి మెట్టు ఎక్కే వీలు లేదు. 1947లో మద్రాసు ఆలయప్రవేశ చట్టం వచ్చేదాకా అది శిక్ష లేని అన్యాయం, ఆ తరవాత కూడా చాలా ఊళ్లలో మాటలేని కట్టుబాటు. పని ఉంది, అధికారం లేదు. చెయ్యనంటే మేర పోతుంది, ఊళ్లో బతుకు కష్టమవుతుంది. అందుకే దళితవాడల్లో డప్పు కిందపెట్టడం ఆత్మగౌరవ పోరాటమైంది. ఇవాళ అదే డెల్టాలో ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతికి పందిరి వేసేదీ, చందా లెక్క రాసేదీ, వేదిక మీద ఎవరు మాట్లాడాలో తేల్చేదీ పేటలోని కుర్రాళ్లే. డప్పు మళ్లీ మోగుతుంది, ఈసారి వాళ్లు మోగించాలనుకున్నప్పుడు. పశ్చిమ గోదావరిలోనే గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం దగ్గర మొదలైన వివాదం దళితుల సాంఘిక బహిష్కరణదాకా వెళ్లింది. ఊరి మధ్యన ఎవరి వేడుకకు చోటు ఉందన్నది ఇప్పటికీ తెగని తగాదా అని దాన్ని బట్టి అర్థమవుతుంది.

ఇక జగ్గన్నతోట. కోనసీమలో అంబాజీపేట దగ్గర, మొసలపల్లి పొలిమేరలో ఉన్న కొబ్బరితోట అది. అక్కడ గుడి లేదు. కనుమనాడు చుట్టుపక్కల పదకొండు ఊళ్ల శివుళ్లు ప్రభల మీద వచ్చి ఆ తోటలో కలుసుకుంటారు. వ్యాఘ్రేశ్వరం, పెదపూడి, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, పాలగుమ్మి, పుల్లేటికుర్రు, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, మొసలపల్లి. వెదురు, పోక దబ్బలతో కట్టి, రంగుల బట్టలు చుట్టి, కొత్త వరికంకులు వేలాడదీసిన ఒక్కొక్క ప్రభను పదుల మంది భుజాన మోస్తారు. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు కౌశిక నది దాటి రావాలి. నడుములోతు నీళ్లలో, బురదలో, ప్రభ ఒరగకుండా ‘అశ్శరభ శరభ’ అంటూ ఒక్క ఊపున ఒడ్డెక్కిస్తారు. దారి పచ్చని చేల మీదుగానే. తన చేను తొక్కుతూ దేవుడు వెళ్లాడని రైతు సంతోషిస్తాడు, నష్టపరిహారం అడగడు. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ తోటలోకి వచ్చినప్పుడు మిగతా ప్రభలన్నీ ఒకసారి లేచి గౌరవం చూపిస్తాయి. మొసలపల్లి దేవుడు ఆతిథ్యమిస్తాడు.

దీని మీద నాకున్న ఇష్టాన్ని దాచుకోను. ఎందుకంటే ఇక్కడ ఏ ఊరి ప్రభ ఆ ఊరిదే, కట్టేదీ, మోసేదీ, దారి తేల్చేదీ ఆ ఊరివాళ్లే. పదకొండింటిలో ఒక్కటి రాకపోయినా తీర్థం వెలితి పడుతుంది, కాబట్టి పొరుగూరితో తగువు ఉన్నా కనుమనాటికి మాట్లాడుకోక తప్పదు. హైదరాబాదులోనో అమెరికాలోనో ఉద్యోగం చేసే కుర్రాడు సంక్రాంతికి వచ్చి ప్రభ కింద తన భుజం ఒకటి పెడతాడు. 2023 గణతంత్ర దినోత్సవ కవాతులో ఆంధ్రప్రదేశ్ శకటంగా ప్రభల తీర్థం ఢిల్లీలో ఊరేగింది. పేరు వచ్చినకొద్దీ చూసేవాళ్లు పెరుగుతారు. మోసేవాళ్ల మాట చెల్లుబాటైనంతకాలం దానికి ఢోకా లేదని నా నమ్మకం.

ఆడవాళ్ల పండుగలను మన సమీక్షకులు ఒక వాక్యంతో దాటేస్తారు. అది పెద్ద లోటు. అట్లతద్దికి తెల్లవారుజామున లేచి పదిమంది ఆడపిల్లలు చద్ది అన్నాలు తిని ఊయల దగ్గరికి పరుగెత్తడం, పోలాల అమావాస్యకు కందమొక్క పెట్టుకుని పిల్లల పేరున పూజ చేయడం, శ్రావణ శుక్రవారం బొట్టు పెట్టి పేరంటానికి పిలవడం, శనగలు, తాంబూలం, రవికెలగుడ్డ ఒకరి ఇంటినుంచి ఒకరి ఇంటికి తిరగడం. వీటిలో పని అంతా ఆడవాళ్లది, తీర్పూ వాళ్లదే. కొత్తగా కాపురానికి వచ్చిన కోడలికి వీధిలో ఎవరు ఎవరో తెలిసేది పేరంటంలోనే. ఎవరి ఇంట్లో మనిషి సుస్తీగా ఉంది, ఎవరి పిల్లకు సంబంధం చూస్తున్నారు, ఎవరింట్లో అన్నం ఉడకడం లేదు అన్న సమాచారం అక్కడే చేతులు మారేది. కానీ ఆ గడపలోకి భర్త పోయిన ఆడదానికి పిలుపు లేదు. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఎదురు తిరిగిన సమాజంలో ఈ పేరంటాల ఇళ్లూ ఉన్నాయి. ఇవాళ కొన్ని ఇళ్లలో ఆమెకూ బొట్టు పెట్టి పిలుస్తున్నారు. ఏ చట్టమూ ఆ పని చేయలేదు, పిలిచే ఇల్లాలే చేసింది. అలాంటి ఇళ్లు ఇంకా చాలవు.

కార్తీకం వచ్చేసరికి నాకు మనసు చివుక్కుమంటుంది. ఉసిరిచెట్టు కింద కలిసి వండుకుని తినడం వనభోజనం. వీధివాళ్లు, ఆఫీసువాళ్లు, బడివాళ్లు కలిసి వెళ్లేవాళ్లు. ఇప్పుడు గోదావరి జిల్లాల్లో కార్తీక ఆదివారాలు ఫ్లెక్సీలు చదివితే చాలు, ఏ తోటలో ఏ కులం వనసమారాధనో రాసి ఉంటుంది. నాయకులు వచ్చి, కులబలం చూసుకుని, ఎన్నికల మాట మాట్లాడి వెళ్తారు. పిల్లలు తమ తరగతిలో తమ పక్కన కూర్చునే స్నేహితుడు ఈ ఆదివారం వేరే తోటకు ఎందుకు వెళ్లాడో అక్కడే నేర్చుకుంటారు. పెనుగొండ పండుగ చెదిరిపోయినవాళ్లను కూర్చింది. ఈ వనభోజనాలు కలిసి ఉన్నవాళ్లను ఏరి వేరుచేస్తున్నాయి. చెట్టూ అదే, వంటలూ అవే. పిలుపుల జాబితా మారింది.

సంక్రాంతి కోడిపందేల బరుల సంగతి అందరికీ తెలిసిందే. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టమూ, 1974 నాటి గేమింగ్ చట్టమూ ఉన్నాయి, కోర్టులు ఎన్నోసార్లు చెప్పాయి. అయినా భోగినాటికి షామియానాలు లేస్తాయి, కోడి కాలికి కత్తి కడతారు. పందెం సంప్రదాయమనే మాట వింటాం. పొలంగట్టున కులం చూడకుండా పదిమంది మూగి చూసే వేడుకకూ, టిక్కెట్టు, వేలంపాట, గుండాట కలిసిన వ్యాపారానికీ పోలిక ఏమిటి? కూలి డబ్బు మూడు రోజుల్లో బరిలో పోగొట్టుకున్న ఇంటి ఆడవాళ్లను అడిగితే సంప్రదాయం అంటే ఏమిటో చెబుతారు. సంక్రాంతి తరవాత వెంటనే దాళ్వా నాట్లు, ఎరువులు, కూలీలు. ఎడ్వర్డో మోంటెరో, డీన్ యాంగ్ అనే అర్థశాస్త్రవేత్తలు మెక్సికో ఊళ్లను పరిశీలించి 2022లో అచ్చువేసిన పరిశోధనలో నాట్లతోనో కోతలతోనో కలిసివచ్చే పండుగలు ఆర్థికాభివృద్ధిని వెనక్కు లాగుతాయనీ, అయినా మనుషుల మధ్య నమ్మకాన్ని పెంచుతాయనీ తేల్చారు. రెండో సగం మన బరులకు వర్తిస్తుందని నేననుకోను. మొదటి సగం వర్తిస్తుందేమోనని భయం.

పండుగ ఖర్చంతా దుబారా అనేవాళ్లకూ జవాబు ఉంది. కర్ణాటక పల్లెల్లో పనిచేసిన విజయేంద్ర రావు 2001లో, పండుగలకు ఖర్చు పెట్టే కుటుంబాలకు ఊళ్లో గౌరవం, విందుకు పిలుపులు, సరుకు కాస్త చౌకగా దొరకడం వంటి లాభాలు ఉన్నాయని చూపించాడు. పేదవాడు పండుగకు అప్పు చేయడం తెలివితక్కువ అనుకునే ముందు ఆ లెక్క కూడా చూడాలి. ఊళ్లో మాట నిలబెట్టుకోవడం అతనికి బ్యాంకు ఖాతా లాంటిది.

కళాకారుల మాట చెప్పకపోతే ఈ సమీక్ష సగమే. హరికథ, బుర్రకథ, పద్యనాటకం, వీరనాట్యం, గరగలు, ఇవన్నీ టిక్కెట్టు కొని చూసే కళలు కావు, పండుగ పోషించిన కళలు. రాజమండ్రి దేవీచౌక్ దసరా పందిట్లో తెల్లవార్లూ సాగిన నాటకాలకు ఊళ్లనుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లు. హరికథ పూర్తిగా పోకుండా కపిలేశ్వరపురంలో శ్రీ సర్వరాయ హరికథా పాఠశాల ఆడపిల్లలకు నేర్పుతోంది. చదువు నేర్చిన భాగవతారిణికి వేదిక కావాలి కదా. భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాలు ఆ పని కొంత చేస్తున్నాయి. జనవరిలో మొదలై వారాల తరబడి సాగే ఆ ఉత్సవాలను కూరగాయలు, పళ్ల వర్తకుల సంఘం నడుపుతుంది. బజారులో బుట్ట పెట్టుకుని బతికేవాళ్లు రాత్రికి నాటకం ఏది పెట్టాలో తేల్చడం నాకు గొప్పగా అనిపిస్తుంది. చాలాచోట్ల ఆ స్థానంలోకి డీజే బండి వచ్చింది. రాత్రి పది దాటాక లౌడ్‌స్పీకరు వద్దన్న 2000 నాటి శబ్దకాలుష్య నిబంధనలు కాగితం మీద ఉన్నాయి. డీజే పెట్టించడానికి ఒక్క ఫోను చాలు, అందులో ఊళ్లో ఎవరికీ పని లేదు.

నేల విడిచినా పండుగ మిగలగలదని చెప్పడానికి మారిషస్ ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో కోరంగి వంటి రేవుల నుంచి చెరకుతోటల కూలికి వెళ్లిన తెలుగువాళ్ల మనవల మనవలు ఇవాళ ఎక్కువగా క్రియోల్ మాట్లాడతారు. అయినా అక్కడ ఉగాది ప్రభుత్వ సెలవు, రామభజన నిలిచింది, అమ్మోరి పండుగ నిలిచింది. కూలీలుగా వెళ్లినవాళ్లు తమ సంఘాలు తామే కట్టుకుని నిలుపుకున్నవి అవి.

ప్రభుత్వం చేయి వేసినప్పుడు ఏమవుతుంది? 2014లో తెలంగాణ బతుకమ్మను, బోనాలను రాష్ట్ర పండుగలు చేసింది. గుర్తింపు మంచిదే, రోడ్డు పడుతుంది, మరుగుదొడ్లు వస్తాయి. అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో కాలిపోతే నెలల్లో కొత్తది చేయించి 2021 భీష్మ ఏకాదశి వేళకు తిరునాళ్లకు నిలిపింది ప్రభుత్వమే. పదిమంది చందాలతో అంత వేగం సాధ్యం కాదు. కానీ ఆ గుడి కట్టించింది కొపనాతి కృష్ణమ్మ అనే అగ్నికుల క్షత్రియ ఓడల వర్తకుడనీ, సముద్రం మీద బతికేవాళ్లకు ఆ ఉత్సవంలో తరతరాల చోటు ఉందనీ అధికారుల ఏర్పాట్లలో మరవకూడదు.

మరిస్తే ఏమవుతుందో 2015 జూలై 14న రాజమండ్రి చూసింది. గోదావరి పుష్కరాల మొదటి రోజు, ఒకే ఘాట్ దగ్గర తొక్కిసలాటలో పాతికమందికి పైగా చనిపోయారు. లక్షలమంది వచ్చారు, ఎవరికీ ఎవరూ తెలియదు, ఎవరి చేతిలోనూ ఏ పనీ లేదు. పోలీసుల సంఖ్య, బారికేడ్ల లెక్క తరవాత చాలా మాట్లాడాం. రేవు తెలిసిన మనుషుల చేతుల్లో ఏముంది అని ఎక్కువమంది అడగలేదు.

2027లో పుష్కరాలు మళ్లీ వస్తున్నాయి. పెనుగొండ మండలంలోనే సిద్ధాంతం దగ్గర వశిష్ఠ గోదావరి పారుతుంది. అక్కడ స్నానాలకు వచ్చేవాళ్లలో చాలామంది పెనుగొండ అమ్మవారిని కూడా చూసి వెళ్తారు. సిద్ధాంతం రేవులో ఎక్కడ లోతో, వరదకు ఎక్కడ ఇసుక మేట వేస్తుందో పడవవాళ్లకు తెలుసు, వలవేసేవాళ్లకు తెలుసు. ఘాట్ ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులకు ఏ గంటకు ఏ మెట్టు జారుతుందో తెలుసు. డ్వాక్రా మహిళలకు తప్పిపోయిన ముసలమ్మను ఏ భాషలో పలకరించాలో తెలుసు. పెనుగొండ సత్రాలకు వేలమందికి పంక్తులు వేసి వడ్డించిన అనుభవం ఉంది. ఘాట్ కమిటీలో ఈ నాలుగు చోట్లనుంచీ మనుషులు కూర్చోవాలి, వాళ్ల మాట మినిట్స్ బుక్కులోకి ఎక్కాలి. ఇవాళ ఆ పేర్లు రాయడం మొదలుపెడితే పుష్కరాల నాటికి వాళ్లకు రేవు మీద కాస్త పట్టు దొరుకుతుంది.